సంతకాలు కాని రాజీ

గౌస్ పీరాకు వచ్చిన సందేహం చిన్నదే. రాజీకి ఒప్పుకున్న మనిషి కాగితం మీద సంతకం పెట్టేలోపు వెనక్కి తగ్గవచ్చా?

గురువు ఖాదర్ షా గారిని అడగడానికి మాత్రం చాలాసేపు తటపటాయించాడు. కారణం ఉంది. గురువుగారి దర్గాలో రాజీలు కుదిరినప్పుడు చక్కెర పళ్లెం పట్టుకునేది అతనే. కడప వైపు ఆ చిన్న ఊళ్లో కోర్టుల చుట్టూ తిరిగి అలిసిపోయినవాళ్లు, ఏ మతంవాళ్లయినా, ఆయన ముందు వచ్చి కూర్చుంటారు. మాట కుదిరాక ఒకరి అరచేతిలోంచి ఒకరు చక్కెర తింటారు. ఆ తర్వాత ఎవరైనా నసిగితే గౌస్ పీరా ఊరుకునేవాడు కాదు.

"చక్కెర తిన్నాక ఇంకేం మాటలయ్యా? పో, పోయి పని చూసుకో" అని గట్టిగానే కసిరేవాడు.

మొన్న గురువారం ఆ చక్కెర అతనే తిన్నాడు. పక్కింటి ఓబులేసు చేతిలోంచి.

రెండిళ్ల మధ్య ఉన్న సందు కోసం ఇద్దరూ ఏళ్ల తరబడి కోర్టులో ఉన్నారు. సందులోకి ఉన్న తన వంటింటి తలుపును ఓబులేసు మూసేయాలి. ఓబులేసు వంటింటి కిటికీకి అడ్డంగా కొట్టిన రేకులను గౌస్ పీరా తీసేయాలి. ఇదీ రాజీ. సోమవారం వకీలు దగ్గర కాగితం రాయించి, సంతకాలు చేసి, కోర్టులో ఇద్దామనుకున్నారు.

శుక్రవారం గౌస్ పీరా వకీలు కబురు చేశాడు. సందు కొలిచి వెళ్లిన కోర్టు కమిషనరు నివేదిక వచ్చిందట. సందు మొత్తం గౌస్ పీరాదేనని ఉందట.

"సంతకాలు కాలేదు కదా, నిన్నెవరూ పట్టుకోలేరు. రేకులు అట్లాగే ఉండనీ. తలుపు కోర్టే మూయిస్తుంది" అన్నాడు వకీలు.

శనివారం పొద్దున గౌస్ పీరా ఇదంతా గురువుకు చెప్పాడు. ఓబులేసు మంచివాడేనని కూడా చెప్పాడు. చట్టం సంగతి తెలుసుకుందామని అడుగుతున్నానంతే అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ చాప అంచు గిల్లుతూనే ఉన్నాడు.

"అయితే రాజీ కానట్టేనా?" అన్నారు ఖాదర్ షా.

"వకీలు అట్లా అంటున్నాడు, హజ్రత్."

"నువ్వు?"

గౌస్ పీరా చాప అంచున ఊడిన పోచ తెంపాడు.

గురువు చెప్పులు వేసుకున్నారు. "పద. కానిదాన్ని కానట్టే ఉంచుదాం."

వీధి మలుపులో ఓబులేసు భార్య చౌడమ్మ నీళ్ల బిందెతో ఎదురైంది. కుళాయి సందు చివర ఉంది. తలుపు ఉన్నన్నాళ్లూ వంటింట్లోంచి అడుగు బయట పెడితే చాలు. ఇప్పుడు వీధంతా చుట్టి రావాలి.

"మా ఆయన తొందర చూడు సామీ! సోమవారం దాకా ఆగు మనిషీ అంటే వినడే. కాగితం రాకముందే నా దోవ మూసేస్తా ఉన్నాడు" అంది.

సందులో ఓబులేసు గోడ కడుతున్నాడు. పీకేసిన తలుపు ఓ పక్కన ఆనించి ఉంది. దాని స్థానంలో ఇటుకలు రొమ్మెత్తు వచ్చాయి.

గురువు పలకరించలేదు. చేయి చాచి, అప్పుడే పెట్టిన పై ఇటుకను ఊడదీసి కింద పెట్టారు. రెండోది తీశారు. తడి సిమెంటు ఆయన మోచేతి దాకా కారింది.

ఓబులేసు తాపీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. కోపం రాలేదు. కంగారుపడ్డాడు.

"ఏం సామీ, తప్పు కట్టినానా? సందులోకి వచ్చిందా?" వంగి గోడ అంచు చూసుకున్నాడు. "గౌసన్నా, నువ్వు చెప్పు. నీ పక్కకు ఇటుక రాకూడదని లోపలికి జరిపే కట్టినా. ఇంకా జరపమంటే చెప్పు. అంతా పీకి మళ్లీ కడతా."

గురువు మూడో ఇటుక చేతిలో పట్టుకుని గౌస్ పీరా వైపు తిరిగారు.

"చెప్పు. అడుగుతున్నాడు కదా."

గౌస్ పీరా ఓబులేసు ముఖం చూడలేక చూపు పక్కకు తిప్పుకున్నాడు. అక్కడ తను కొట్టిన రేకులున్నాయి. వాటి వెనక, పట్టపగలు, వంటింట్లో బల్బు వెలుగుతోంది.

"గోడ సరిగానే ఉంది" అన్నాడు.

"మరి సామి ఎందుకు తీసినాడు?"

గౌస్ పీరా కింద పెట్టిన ఇటుకల వైపు చూశాడు.

చౌడమ్మ బిందె దించి అతన్ని తేరిపార చూసింది. "ఏం గౌసన్నా, వకీలు ఏమన్నా చెప్పినాడా?"

"ఊరుకోవే. అన్నతో అట్లాగేనా మాట్లాడేది?" అని ఓబులేసు భార్యను కసిరాడు.

ఆ మాట గౌస్ పీరాకు చెంప మీద కొట్టినట్టయింది. గురువు చేతిలోని ఇటుక అందుకున్నాడు. దాన్ని తీసిన చోటే పెట్టి, కిందున్న రెండూ ఎత్తి పెట్టాడు. చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు.

"సుత్తి ఉందా, ఓబులేసూ?"

"ఎందుకు?"

"రేకులు తీస్తా."

"ఇప్పుడేం తొందరన్నా? సోమవారం సంతకాలు కానీ. నిదానంగా తీద్దువు."

చౌడమ్మ నీళ్లు పోస్తుంటే గురువు వంగి చేతులు కడుక్కుంటున్నారు.

"ఆ సంతకాలు కోర్టు కోసం, ఓబులేసూ" అన్నారు.