ఉప్పుగట్టు మీద మంచినీళ్ళు

సముద్రం ఊళ్ళకి ఇంకా దగ్గరగా ఉన్న రోజుల్లో, అనగా అనగా ఒక ఉప్పు ఊరు. ఊరి ముందు ఉప్పుమడులు, వెనక ఇసుక దిబ్బలు. మడుల్లోకి సముద్రపు నీరు పెట్టి, ఎండకు వదిలేసి, తేలిన ఉప్పును చెక్కపలకలతో లాగి గట్టు మీద కుప్పలు పోసేవాళ్ళు. అదే వాళ్ళ పని, అదే వాళ్ళ కూడు.

ఆ ఊరికి ఎక్కడో మెట్టప్రాంతం నుంచి ఆదెమ్మ అనే ఆవిడ కూలికి వచ్చింది. మొగుడు పోయాడు, ముగ్గురు పిల్లలు మిగిలారు. పిల్లకు ఒళ్ళు వెచ్చబడితే ఇది మామూలేనా అని అడగడానికి అక్కడ తల్లి లేదు, అత్త లేదు. అందుకని అన్నిటికీ తనే భయపడేది. పిల్లలు దగ్గితే భయం. దగ్గకుండా పడుకుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని ఇంకా భయం.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. పొద్దున్న మడిలో దిగాక పొద్దు వాలేదాకా ఎవరూ మంచినీళ్ళు తాగకూడదు. మంచినీళ్ళ కుండ ఉప్పుగట్టు దాటకూడదు. ఎందుకని ఆదెమ్మ మడుల పెద్ద పోలయ్యను అడిగింది.

"మంచినీళ్ళు వానకు చుట్టం. చుట్టాన్ని చూస్తే వాన దిగుతుంది. వాన దిగితే ఉప్పు కరుగుతుంది" అన్నాడు పోలయ్య.

"మరి మనిషి ఎండిపోతే?" అంది ఆదెమ్మ.

ఎండనిదే ఉప్పెలా వస్తుందని పోలయ్య నవ్వాడు. పక్కనున్న వాళ్ళూ నవ్వారు.

ఆదెమ్మకు నవ్వు రాలేదు. మధ్యాహ్నమయ్యేసరికి ఊరందరికీ తలనొప్పి. ఒకళ్ళకు కళ్ళు తిరుగుతాయి, ఒకళ్ళకు పిక్కలు పట్టేస్తాయి, ఒకళ్ళకు కడుపు కట్టు తప్పుతుంది, ఒకళ్ళకు ఉచ్చ పసుపునీళ్ళలా పోసి మంట పుడుతుంది. డొక్కలో రాయి చేరి నేలమీద దొర్లేవాళ్ళు దొర్లుతూనే ఉన్నారు. అడిగితే దిష్టి అంటారు, గాలి అంటారు, గ్రహం అంటారు. దాహం అని మాత్రం ఒక్కరూ అనరు.

గంగమ్మ గుడి పూజారి దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకుంది. ఆయనా అదే చెప్పాడు. మంచినీళ్ళు వానకు చుట్టం. చుట్టాన్ని చూస్తే వాన దిగుతుంది. వాన దిగితే ఉప్పు కరుగుతుంది. మరి మనిషి ఎండిపోతేనో అంటే, ఆయన గంట వాయించుకున్నాడు.

ఆడవాళ్ళయినా వింటారేమోనని పక్కింటి గున్నమ్మతో మొదలుపెట్టి అందరికీ చెప్పి చూసింది. వాళ్ళూ అదే పాట పాడారు.

ఇక ఊరిని వదిలేసి తన పిల్లల్ని పట్టుకుంది. రోజూ తెల్లారకముందే దిబ్బల్లోకి వెళ్ళి చలమ తవ్వేది. మొదట ఊరిన బురదనీళ్ళు తోడి పారబోసేది. తేరిన నీళ్ళు ముంచి, ఉతికిన గుడ్డను నాలుగు మడతలేసి వడకట్టి, కుండ మీద మూత పెట్టేది. ముసురు రోజుల్లో కాచి చల్లార్చేది. పిల్లలు గడప దాటేముందు ఒక్కొక్కరి చేత చెంబెడు తాగించి, చెంబు బోర్లించి చూసుకునేది. తాగామని పిల్లలు అబద్ధమాడేవాళ్ళు. ఆవిడ నమ్మేది కాదు. గొంతు దిగుతుంటే చూడాలి.

"నీ పిల్లలేమైనా అరటిచెట్లా వదినా, పాదులు తీసి తడుపుతున్నావు" అనేది గున్నమ్మ.

"అరటిచెట్లయితే చెప్పినమాట వినేవి" అనేది ఆదెమ్మ.

అయితే పొద్దున తాగిన చెంబెడు నీళ్ళు ఆ ఎండకు ఏ మూలకు? రోహిణికార్తెలో ఒకనాడు పెద్దపిల్ల నూకాలు ఉప్పు లాగుతూ లాగుతూ గట్టు మీద కూలబడింది. చెమట ఆగిపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. పిలిస్తే ఊఁ అంటోంది గాని మాట ముద్దగా వస్తోంది.

ఆదెమ్మ ఇంటికి పరుగెత్తి కుండ తెచ్చింది. గట్టుకు అడ్డంగా పోలయ్య నిలబడ్డాడు.

"కుండ గట్టు దాటితే, మీరు నలుగురూ ఊరు దాటాలి."

"దాటుతాం మావా. నడవాలంటే అది బతకాలి కదా. జరుగు."

అతణ్ణి తోసుకుని వెళ్ళింది. తన చీరకొంగు పిల్లకు నీడగా పట్టింది. తలమీద, మెడమీద నీళ్ళు చిమ్మింది. పిల్ల తెప్పరిల్లి నోరు తెరిచాక, గుక్క గుక్కగా తాగించింది. ఊరంతా పని ఆపి చూసింది. వాళ్ళు చూసింది పిల్లని కాదు, ఆకాశాన్ని.

నూకాలు లేచి కూర్చుని, అమ్మా ఇంకొంచెం అంది. పెద్దయ్యాక నీళ్ళు అడిగి తాగడం ఆ పిల్లకు అదే మొదలు.

ఖర్మ చూడండి, సాయంత్రానికి వాన పడింది. అంతా ఇంతా కాదు, కుప్పలు కూడా కరిగే వాన. తెల్లారి అందరూ ఆదెమ్మ గుడిసె ముందు చేరారు. మూట సర్దుకోమన్నాడు పోలయ్య. పిల్ల ఇంకా గోడ పట్టుకుని నిలబడుతోంది. ఈ స్థితిలో దాన్ని ఏ దారిన నడిపించాలి?

"సర్దుకుంటాను. ఒక్కటి చెప్పండి. నిరుడు ఇదే కార్తెలో వాన పడిందని మీరే చెప్పుకుంటారు. అప్పుడు నేనింకా ఈ ఊరే రాలేదు. మరి తాగిందెవరు?"

అందరూ కాళ్ళ కింది ఇసుకను చూసుకున్నారు. గున్నమ్మ ముక్కు చీది, నేనే తాగాను అంది. నిరుడు మాత్రమే కాదట, రోజూ దోసెడు తాగుతుందట. గట్టు వెనక గేదెల మడుగులో, ఎవరూ చూడకుండా. తన వల్లే వాన పడిందని ఏడాదిగా కుమిలిపోతోందట.

అంతలో గున్నమ్మ మొగుడు, నేనూ తాగాను అన్నాడు. పూజారి, నేనూ అన్నాడు. ఒకరి తరవాత ఒకరు ఊరంతా అదే మాట. పోలయ్య మాత్రం మెల్లగా వెనక్కి జరిగాడు.

"మావా, మడుగు ఒడ్డున నీ తలగుడ్డ నాకు దొరుకుతూనే ఉంటుంది" అంది గున్నమ్మ.

రోజూ అందరూ తాగుతున్నారు. మరి వాన రోజూ పడటం లేదు. ఆ సంగతి ఒక్కొక్కరి బుర్రకూ ఎక్కడానికి కాస్త సమయం పట్టింది.

ఆదెమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది.

"తాగితే తాగారు. గేదెల మడుగులోనా తాగడం? దొంగతనంగా తాగేవాళ్ళు మంచివి తాగకూడదా? మీ కడుపులు కట్టు తప్పాయంటే తప్పవా? మీకు దిష్టి తగిలిందా? ఏ దిష్టి ముట్టుకుంటుంది మిమ్మల్ని?"

మూట సర్దమని మళ్ళీ ఎవరూ అనలేదు. మర్నాడు ఆదెమ్మ కుండ ఉప్పుగట్టు ఎక్కింది. మొదట పోలయ్యే తాగాడు, ఒక కన్ను ఆకాశం మీదే ఉంచి. వాన రాలేదు. ఆ మర్నాడూ తాగాడు, రాలేదు. మూడోనాడు ఆకాశం వంక చూడటం మరిచిపోయి ఇంకో చెంబు అడిగాడు.

జబ్బులన్నీ పోయాయని కాదు. మధ్యాహ్నపు తలనొప్పులు తగ్గాయి. డొక్క పట్టుకుని దొర్లేవాళ్ళు తగ్గారు. కడుపులు కుదుటపడ్డాయి. ఆదెమ్మ నస మాత్రం తగ్గలేదు. తాగావా, ఎప్పుడు తాగావు, ఏ నీళ్ళు తాగావు అని ముసలితనమంతా ఊరిని వేపుకు తింది. ఆవిడ వస్తుంటే పోలయ్య పక్కసందులోకి తప్పుకునేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం ఆవిడకు చివరి ఘడియ వచ్చింది. నూకాలు తల్లి తల ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పోయబోయింది. ఆదెమ్మ పెదాలు బిగించింది. అయిపోయిందని ఊరంతా గొల్లుమంది. అప్పుడు ఆవిడ కళ్ళు తెరిచింది.

"వడకట్టావా?"

"వడకట్టానమ్మా."

"ఎవరి తోడు?"

"నీ తోడే అమ్మా."

అప్పుడు తాగింది. తాగి, కళ్ళు మూసుకుంది.

అందుకే ఇప్పటికీ ఆ ఉప్పుమడుల్లో మనిషి కన్నా ముందు నీళ్ళ కుండ గట్టెక్కుతుంది. చెంబు అందుకున్నవాడు, వడకట్టారా అని అడగాలి. ఇచ్చినవాడు, ఆదెమ్మ తోడు అనాలి. ఆ ఊళ్ళో ఉప్పు తూకం దగ్గర అబద్ధాలాడతారు, పెళ్ళిచూపుల్లో వయసు దగ్గర అబద్ధాలాడతారు. నీళ్ళచెంబు చేత్తో పట్టుకుని మాత్రం ఎవరూ ఆడరు.