వదిలేసిన నాలుగు వరుసలు

మౌలాలిది మంచి గొంతు. ఆ సంగతి అందరికన్నా మౌలాలికే బాగా తెలుసు.

ఆదోనిలో కరీముల్లా షా అనే సూఫీ గురువు దగ్గర అతను శిష్యుడు. గురువుగారి ముందుగదిలో ఒక గ్రంథాలయం ఉండేది. అల్మారాల్లో పుస్తకాలు తక్కువ, క్యాసెట్లు ఎక్కువ. చూపు లేనివాళ్ళకూ, చేతులు చచ్చుబడి పుస్తకం పట్టుకోలేనివాళ్ళకూ కథలు చదివి, రికార్డు చేసి పోస్టులో పంపేవారు. ఉర్దూ కథలు గురువుగారు చదివేవారు, కన్నడం ఒక రిటైర్డు టీచరమ్మ. తెలుగు మౌలాలి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే అయినా, చదివింది తెలుగు బడి కావడంతో అతనికి ఉర్దూ అక్షరాలు రావు.

ఒకరోజు పొద్దున పత్తికొండ బస్సు దిగి తిమ్మక్క వచ్చింది. ఆమెకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. సంచిలోంచి క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"నాయినా, ఈ కథలో చివరాఖరికి ఆ పిల్ల అదే చీర కట్టుకునిందని చదివినావు. ముందర చీర మాటే రాలేదే. అది ఏం రంగు చీర?"

వెన్నెల, పూలతోట, రంగులు వచ్చిన చోటల్లా పేజీలు దాటేయడం మౌలాలికి అలవాటు.

"నీకు బాధ కలుగుతుందని వదిలేశానక్కా."

"నేను కట్టుకునే చీరైనా రంగు అడిగే కట్టుకుంటా. బాధ అని నీకెవరు చెప్పినారు?"

మౌలాలికి ఒళ్ళు మండింది. గంటలు గంటలు గొంతు చించుకుంటే ఇదా మెప్పు? గురువుగారు తన పక్షాన ఒక్క మాట అంటారేమోనని చూశాడు. ఆయన తిమ్మక్కకు టీ పోస్తూ ఉండిపోయారు.

అంతలో పోస్టు వచ్చింది. రాయచోటి నుంచి మౌలాలికి ఉత్తరం. నాన్న పోయాక అమ్మ రాసిన మొదటి ఉత్తరం అది. మూడు నెలలుగా దానికోసం అతను కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాడు. ఉర్దూలో ఉంది కాబట్టి ఎప్పటిలాగే గురువుగారి చేతిలో పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

గురువుగారు చదివారు. అందరూ క్షేమం. వానలు పడ్డాయి. మేక ఈనింది. అక్కడ ఆగి, చూపు కాస్త కిందికి జరిపి, "దీవెనలతో, మీ అమ్మ" అని కాగితం మడిచేశారు.

"మధ్యలో ఇంకేదో ఉంది కదా, హజ్రత్."

"ఉంది. నాలుగు వరుసలు. నీకు బాధ కలుగుతుందని వదిలేశాను."

మౌలాలి ముందుకు జరిగాడు. "బాధైతే నేను పడతాను. మా అమ్మ నాకు రాసింది. చదవండి."

తిమ్మక్క గ్లాసు కింద పెట్టింది. గురువుగారు మడత విప్పారు.

"మీ నాన్న కూర్చునే అరుగు దగ్గర గోడకు నీలం రంగు వేయించాను. వేయిద్దామని ఆయన ఎప్పుడూ అనేవాడు. పొద్దుటెండ పడితే ఎంత బాగుందో. నువ్వుండి చూస్తే బాగుండేది అనిపించింది."

మౌలాలి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం నీలం, హజ్రత్? లేతదా, ముదురుదా?"

"అది రాయలేదు. రాసి ఉంటే చదివేవాణ్ణి" అన్నారు గురువుగారు.

మౌలాలి లేచి అల్మారాలోంచి ఆ కథ ఉన్న పుస్తకం తీశాడు. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వచ్చి తిమ్మక్క పక్కన కూర్చున్నాడు.

"వంకాయ రంగు" అన్నాడు.

"అంచు?" అంది తిమ్మక్క.