కొంరవ్వ పట్టిన తెర

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, కొట్టలేనివాళ్ళు బియ్యంలో రాళ్ళేరుకుంటూ వినండి. ఏ రాజు ఏలాడో తెలీదు, ఎన్ని తరాలు గడిచాయో లెక్కలేదు. ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో చాకలి కొంరవ్వ ఉండేది.

కొంరవ్వ రోజూ రేవులో ఊరి బట్టలు ఉతికేది. పెళ్ళంటే వెళ్ళి తెర పట్టేది. మీకు తెలిసిందే కదా, పీటల మీద కూర్చున్న ఇద్దరి మధ్యా ఒక తెల్లబట్ట పడతారు. జీలకర్ర బెల్లం పెట్టగానే దించుతారు. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ ఊళ్ళో తెర దిగితేనే పెళ్ళయినట్టు.

ఒక ఏడాది కోతలకు పొరుగూరి నుంచి ఉప్పలవ్వ అనే కూలిమనిషి వచ్చింది. కోతలయ్యాక అందరూ పోయారు, ఉప్పలవ్వ పోలేదు, రేవుకు వచ్చి నిలబడింది. తడి దుప్పటి పిండాలంటే ఇద్దరుండాలి, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని మెలిపెట్టాలి.

"కొస పట్టాల్నా?" అంది ఉప్పలవ్వ.

"పట్టు" అంది కొంరవ్వ.

అంతే. ఒకే గుడిసె, ఒకే పొయ్యి, ఒకే కంచం. పెళ్ళిళ్ళలో తెరకు కూడా ఆ కొస ఉప్పలవ్వ, ఈ కొస కొంరవ్వ. ఊరంతా పీటల మీదివాళ్ళను చూస్తుంటే వీళ్ళు ఒకరినొకరు చూసుకునేవారు.

ఒకనాడు బట్టలు ఆరేస్తూ ఉప్పలవ్వ అంది. "గిన్ని పెండ్లిళ్ళకు తెర పడితిమి. మన నడుమ ఎవలు పడ్తరే కొంరీ?"

కొంరవ్వ ఊరి పటేలు వాకిట్లో నిలబడింది. "పటేలా, మా ఇద్దరికి పెండ్లి చెయ్యుండ్రి" అంది.

పటేలు చెడ్డవాడు కాదు. వచ్చిన చిక్కల్లా అదే. కసరలేదు, తరమలేదు. మీసం సవరించుకుని మెత్తగా అన్నాడు. "ఆగు కొంరవ్వా. వానలు పడనీ."

వానలు పడ్డాయి. ఏరు పొంగింది, పొలాలు పండాయి. కొంరవ్వ మళ్ళీ వెళ్ళింది.

"ఆగు కొంరవ్వా. మా అవ్వ ముసల్ది, గిసుంటివి జూస్తె తట్టుకోదు. ఆమె కన్ను మూయనీ."

ఆ అవ్వ తొంభై దాటి, మునిమనవల పెళ్ళిళ్ళు కూడా చూసుకుని, తీరుబడిగా పోయింది. దినాలయ్యాక కొంరవ్వ మళ్ళీ వెళ్ళింది.

"ఆగు కొంరవ్వా. రాజుగారి చట్టంల లేదు గద. చట్టం రానీ. వచ్చిననాడు నేనే పందిరేస్త."

చూశారా, కాదన్నా బాగుండేది. కాదంటే ఆ ఇద్దరూ మూట కట్టుకుని ఇంకో ఊరు చూసుకునేవారు. ఎవరూ కాదనలేదు. ఆగమన్నారు. వాళ్ళు ఆగారు. తలలు నెరిసేదాకా, నడుములు వంగేదాకా ఆగారు.

ఒక వానాకాలం ఉప్పలవ్వకు జ్వరం వచ్చింది. మూడో రోజు పొద్దున పోయింది. పాడె లేచే వేళకు కొంరవ్వ నిప్పుకుండ అందుకోబోతే పెద్దలు అడ్డం వచ్చారు.

"నువ్వు ఆమెకు ఏమైతవు?"

కొంరవ్వ ఏమవుతుందో చెప్పే మాటను వాళ్ళే ఇన్నేళ్ళూ దాచిపెట్టారు. పొరుగూరి నుంచి ఎవరో పినతండ్రి కొడుకును పిలిపించి నిప్పు పెట్టించారు. వాడికి ఆమె పేరు కూడా సరిగా తెలీదు.

నెల తిరగలేదు, ఊళ్ళో దండోరా మోగింది. "ఆడా ఆడా అయినా, మగా మగా అయినా, మనసు కలిస్తే పెండ్లి చేసుకోవచ్చునహో! రాజుగారి చట్టమహో!"

కొంరవ్వ పరుగున వెళ్ళి దండోరా వేసేవాడి చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, సచ్చిపోయినోళ్ళ సంగతి అండ్ల రాసిన్రా?"

"లేదవ్వా" అన్నాడు వాడు తల దించుకుని.

ఊరికి పండగ వచ్చింది. మూడు జంటలు పెళ్ళికి సిద్ధమయ్యాయి. తాటిచెట్లెక్కే మగవాళ్ళిద్దరు. నాట్లేసే ఆడవాళ్ళిద్దరు. అందరికంటే ముందు పటేలు మనవరాలు నీలవ్వ, కుమ్మరి ఈరవ్వ. పటేలు మాట తప్పలేదు, తనే పందిరి వేశాడు. ఏడూళ్ళను పిలిచాడు. తెర పట్టడానికి కొంరవ్వకు కబురు పెట్టాడు.

కొంరవ్వ వచ్చింది. తెర ఒక కొస పందిరి గుంజకు కట్టింది, రెండో కొస తను పట్టుకుంది. ఇంకో మనిషిని ఇస్తామంటే వద్దంది.

పటేలు ఏడూళ్ళకూ వినబడేలా అన్నాడు. "మా ఊరే మొదలు! మా ఊళ్ళ ఎన్నడు ఎవ్వలు కాదనలే!"

నిజమే, అందులో ఒక్క అబద్ధం లేదు. కొంరవ్వ ఒళ్ళు భగ్గుమంది.

నీలవ్వా ఈరవ్వా జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. బాజాలు జోరందుకున్నాయి. తెర దిగలేదు.

"దించు కొంరవ్వా" అన్నాడు పటేలు.

"ఆగు పటేలా. వానలు పడనీ."

బాజాలు ఆగిపోయాయి. "ముహూర్తం దాటుతది, దించు!"

"ఆగు పటేలా. ముసలోళ్ళు కన్ను మూయనీ."

"పిల్లల మొకం జూసన్న దించు కొంరవ్వా!"

"ఆగు పటేలా. ఉప్పలిని రానీ."

కొంరవ్వ కొస వదల్లేదు. "నా పెండ్లి ఆలస్యమైంది. ఆ ఆలస్యం నాదా, ఉప్పలిదా, ఎవలది? గా మాట జెప్పు, దించుత."

పటేలు ఏడూళ్ళవైపు చూశాడు. నేలవైపు చూశాడు. తెర వెనక నుంచి నీలవ్వ గొంతు వినబడింది. "జెప్పు తాతా. జెప్పకుంటె నేను పీట మీదికెల్లి లేస్త."

"ఆలస్యం మాది" అన్నాడు పటేలు గొణుగుతూ.

"ఇనబడలే."

"ఆలస్యం మాది!"

తెర దిగింది. కొంరవ్వ మూడు జంటల మీదా అక్షింతలు వేసి కడుపునిండా దీవించింది, పిల్లల మీద ఆమెకేం కోపం? విందుకు మాత్రం కూర్చోలేదు. రేవుకు వెళ్ళి తెర ఉతికి, పిండడానికి రెండో మనిషి లేక, నీళ్ళోడుతుంటే అలాగే ఆరేసింది. వచ్చే కోతల నాటికి తనూ పోయింది. ఆమె పాడెను ఆ మూడు జంటలే మోశాయి. నువ్వేమవుతావని ఎవరూ అడగలేదు.

నేటికీ ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో ఎవరి పెళ్ళయినా, తెర దించేముందు ఊరి పెద్ద లేచి "ఆలస్యం మాది" అనాలి. అనకపోతే తెర దించరు. పైఊళ్ళ చుట్టాలు భోజనాల ఆలస్యం అనుకుని "పరవాలేదు, పరవాలేదు" అంటారు. కుర్రకారు నవ్వుతారు. పరవాలేదని అనగలిగినవాళ్ళు ఇద్దరే. వాళ్ళు పెళ్ళి కాకుండానే పోయారు.