జాడలు చదవలేని తంగేడి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో దుప్పులన్నీ చదువుకున్నవే. వాటికి చదువేమిటంటారా? నేల మీది అడుగుజాడలు చదవడం. మడుగు దగ్గర ముందు జాడలు చదవాలి, తరవాతే నీళ్ళు తాగాలి. అది మందలో కట్టుబాటు.

తంగేడి అనే దుప్పికి మాత్రం ఆ చదువు ఒంటబట్టలేదు. జాడల వైపు చూస్తే చాలు, అన్నీ కలగాపులగం అయిపోయేవి. ఒకసారి కుందేలు జాడ చూసి ఏనుగొచ్చిందని చెప్పింది. బద్ధకమన్నాడు భూషయ్య మాస్టారు, మందకి పెద్ద దుప్పి. బద్ధకం కాదు పాపం, ఎంత కుస్తీ పట్టినా రాలేదు. రాకపోతే చచ్చిపోతుందా? చంటిబిడ్డ తల్లాయె. అందుకని నేల వదిలేసి, చుట్టూ ఉన్నదంతా ఒక్క చూపులో చూడడం అలవాటు చేసుకుంది.

ఎండాకాలంలో ఒకనాడు మంద దాహంతో మడుగుకొచ్చింది. భూషయ్య వంగి జాడలు చదివాడు. పులి నీళ్ళు తాగి కొండకి వెళ్ళిపోయిందని చెప్పాడు. నిజమే, జాడలన్నీ కొండ వైపే తిరిగి ఉన్నాయి. తంగేడి కూతురు అందరికన్నా ముందు నీళ్ళ వైపు ఉరికింది.

తంగేడి దానికి అడ్డంగా నిలబడింది. కప్పలు అరవడం లేదు. కొంగ నీళ్ళు వదిలి చెట్టెక్కింది. తూనీగలు అన్నిచోట్లా వాలుతున్నాయి, ఒక్క తుంగపొద మీద తప్ప.

"ఆ పొదలో ఎవరో ఉన్నారు మాస్టారూ," అంది.

మందంతా నవ్వింది. చదువు రానివాళ్ళకి అనుమానాలెక్కువ అన్నాడు భూషయ్య. తంగేడికి తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే నవ్వులాగుతాయి, బిడ్డ దక్కదు. వెనక్కి తిరిగి ఒక రాయిని పొదలోకి తన్నింది.

"అబ్బా," అంది పొద.

పులి ముక్కు రుద్దుకుంటూ బయటికొచ్చేసరికి మంద గట్టెక్కి దూరంగా ఉంది. ఇక అందదని పులికీ తెలుసు.

"కొండ నుంచి ఇక్కడిదాకా వెనక్కి వెనక్కి నడిచీ నడిచీ నడుం పడిపోయింది. మీరు జాడలు చదవలేదా?" అని అడిగింది.

"చదివాం," అన్నాడు భూషయ్య. "మాలో చదవలేని ఆవిడ ఒకరున్నారు."

పులి ఈసారి ముందుకే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

తంగేడికి జాడలు ఇప్పటికీ రావు. మంద మళ్ళీ మడుగుకొచ్చినప్పుడు, ఆ చూపు తనకీ నేర్పమని భూషయ్య అడిగాడు.

"నేర్పడం నాకు రాదు మాస్టారూ. పక్కన నిలబడండి," అంది.

ఆయన నిలబడ్డాడు. ఆయన నేల చూశాడు, ఆమె మిగతాదంతా చూసింది. పిల్లలు కడుపునిండా నీళ్ళు తాగాయి.

నీతి: అందరికీ వచ్చిన చదువు రాలేదని ఎవరినీ తీసిపారేయకండి. వాళ్ళకి వచ్చింది మీకు రాకపోవచ్చు.