అంచులేని దీక్షావస్త్రం

పూర్వం త్రేతాయుగంలో, హేమవతీ నదీతీరాన మణిప్రస్థపురాన్ని ఏలిన వసుధ్వజ మహారాజు ధర్మాత్ముడే, దానశీలుడే; అయితే వస్త్రం దగ్గర మాత్రం మహా పట్టింపు మనిషి. పసిడి అంచు తనకు, ఎర్రంచు సామంతులకు, నల్లంచు వర్తకులకు విధించి, అంచులేనివారు యాగశాల గడప తొక్కరాదని శాసించాడు. తన ఎదుట నిలిచినవారు ఆ పసిడి అంచును దాటి కన్నెత్తరాదట! అందువల్ల అంతఃపురంవారూ కులగురువూ తప్ప ఆయన ముఖమెరిగినవారు లేరు.

వానలు మొగం చాటేసి, గొడ్లు గడ్డిపరకకు నోచక కూలిపోతుంటే, ఆ ప్రభువు కంటతడి పెట్టి వరుణయాగానికి సంకల్పించాడు. కులగురువు, తపోనిధి అయిన శ్వేతకర్ణ మహర్షి, "రాజా! దీక్షితుడు అంచులేని కొత్త నూలుబట్టే కట్టాలి. సూర్యుడు నడినెత్తికి రాకముందే తొలి ఆహుతి పడాలి. లేదా, ఈ ఏటికి వాన ఆశ వదులుకో," అన్నాడు.

రాజు అంతఃపురానికి వెళ్ళి, "దేవీ, అంచు లేకపోతే నేనెవరిని?" అని వాపోగా, పట్టమహిషి మాలినీదేవి ఫక్కున నవ్వి, "బాగుంది వరస! పసుపు నీట తడిపిన అంచులేని మధుపర్కాలతో పీటలమీద కూర్చున్ననాడు మిమ్మల్ని నేను పోల్చుకోలేదా స్వామీ?" అంది.

నదీస్నానం చేసి, దీక్షావస్త్రం కట్టి, ఆచారం చొప్పున యాగశాలకు ఒంటరిగా నడిచివచ్చిన రాజును ద్వారపాలకుడు దృఢసేనుడు ఈటె అడ్డంపెట్టి ఆపాడు.

"అంచేదయ్యా?"

"నేనే మీ రాజును."

"అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరు? పక్కకు జరుగు!"

లోపలినుంచి మాలినీదేవి పరుగున వచ్చి, ఈయన మహారాజేనని చెప్పినా అతడు కదలలేదు. "క్షమించు తల్లీ! ఎవరి మాటకూ కాదు, అంచుకే దారి వదలమని ప్రభువుల ఆన. తప్పితే నా తల ఉండదు."

ఔరా, చేసుకున్నవారికి చేసుకున్నంత! పసిడి అంచు తెప్పించి కడదామంటే దీక్ష చెడుతుంది; ఆజ్ఞ పాటించినవాణ్ణి దండిద్దామంటే ధర్మం చెడుతుంది. పొద్దు పైకెక్కుతోంది. వసుధ్వజుడు సిగ్గుతో కుంగిపోయి, చేతులు జోడించి, "నీ తప్పేం లేదు నాయనా," అని, లోపల హోమగుండం దగ్గరున్న శ్వేతకర్ణుడి వైపు తిరిగి, "మహర్షీ, నేను లోపలికి రాలేను, అగ్నినే బయటికి తెండి," అంటూ, వెలుపల ఎండలో నిలిచివున్న అంచులేని జనం నడుమ మట్టిలో కూర్చున్నాడు.

తొలి ఆహుతి పడగానే ఆకాశం ఉరిమి, పాశహస్తుడు, జలాధిపతి అయిన వరుణదేవుడు మకరవాహనుడై సాక్షాత్కరించాడు. "వాన ఇదిగో, ఇచ్చాను. నీకంటూ ఏం కావాలో కోరుకో రాజా!"

"దేవా! నా ప్రజలు నన్ను ముఖం చూసి పోల్చుకునేలా వరమియ్యి."

వరుణుడు చిరునవ్వు నవ్వి, "దానికి నా వరమెందుకయ్యా? తలెత్తమని నువ్వు చెబితే చాలదూ!" అన్నాడు.

రాజు జనం వైపు తిరిగి ఆ మాట చెప్పాడు. జోరువానలో జనమంతా ఒక్కరొక్కరే తలలెత్తారు. దృఢసేనుడు అందరికన్నా ఆలస్యంగా ఎత్తాడు. నాటినుంచి ఆ దేశంలో ఎవరికి నచ్చిన అంచు వారు కట్టారు. కొత్తబట్ట కట్టేవేళ ఈ కథ తలచుకున్న ఇంట గర్వం గడప తొక్కదని పెద్దల దీవెన.