తవుడమ్మ చెయ్యి పెట్టిన జీపు

రాజు లేడు, రాణీ లేదు. అనగనగా ఒక కొండ. కొండకి ఒక దారి. దారికి పద్దెనిమిది మలుపులు. ఆ మలుపులన్నిటికీ కలిపి ఒకటే జీపు. ఎప్పటి మాటో అడక్కండి, మా అమ్మమ్మ చెప్పేనాటికే ఇది పాత కథ. ఇంకో మాట. కథ నడుస్తుండగా టైమెంతయిందని ఎవరైనా అడిగారో, అక్కడే ఆపేసి లేచిపోతాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

జీపు సూరప్పడిది. సూరప్పడి పెళ్లాం తవుడమ్మ. ఊరందరికీ తిరగలి మీద చోళ్లు, అదే రాగులు, విసిరి పెట్టేది. పిండి మెత్తగా వస్తే చోళ్లు మంచివనేవారు. బరగ్గా వస్తే తవుడమ్మ బద్ధకం అనేవారు. అంతకు మించి ఆమెని ఎవరూ పట్టించుకోలేదు.

శుక్రవారం శుక్రవారం కొండ కింద సంత. జీపులో పద్నాలుగు మంది మనుషులు, పసుపు బస్తాలు, చింతపండు బుట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ముందు సీట్లో పోలినాయుడు. ఊళ్లో తెల్ల పంచె కట్టేది అతనొక్కడే. బండి ఎక్కగానే తొందరపెడుతూ అతని నోట వచ్చే మాట ఒకటే.

"ఆలీసమైపోతంది."

ఒక శుక్రవారం తవుడమ్మ కూడా సంతకి వెళ్లింది. మొగుడి చేతుల వంక చూసింది, ముందు చక్రాల వంక చూసింది. చెయ్యి తిరిగిన కాసేపటికి గానీ చక్రం తిరగడం లేదు. పక్కనేమో లోయ.

"మావా, స్టీరింగు వదులుగున్నాది. సూసుకో."

"పాత బండే. ఆ మాత్రం ఆడుతాది," అన్నాడు సూరప్పడు.

"ఆలీసమైపోతంది," అన్నాడు పోలినాయుడు.

మరుసటి వారం బయల్దేరేముందు తవుడమ్మ బండి కిందికి దూరింది. స్టీరింగు నుంచి చక్రాలకి ఒక ఇనుప కడ్డీ పోతుంది. కడ్డీ చివర చిన్న గిన్నె, గిన్నెలో గుండు. అదే కీలు. దాని మీద అరచెయ్యి ఆనించి, మొగుణ్ని స్టీరింగు అటూ ఇటూ తిప్పమంది. చేతికి టకటక తగిలింది. ఆ టకటక ఆమెకి కొత్త కాదు. తిరగలి మేకు అరిగినప్పుడు పైరాయి సరిగ్గా అలాగే కొట్టుకుంటుంది.

"మావా, కీలు అరిగిపోనాది. మార్చాల."

సూరప్పడు ఏం చేశాడు? బండి ముందు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. కీలు అరిగింది మొర్రో అంటే నిమ్మకాయ కట్టేవాడితో ఏం వేగుతాం?

"ఆలీసమైపోతంది," అన్నాడు పోలినాయుడు.

మూడోవారం మళ్లీ చెప్పింది. ఈసారి సూరప్పడు పాత సైకిలు ట్యూబు ముక్క కోసి, కీలు చుట్టూ చుట్టి, తీగతో బిగించాడు.

"ఇంక సూడు. ఉక్కే," అన్నాడు.

పోలినాయుడు ఏమన్నాడో మీకు తెలుసు.

తవుడమ్మకి విసుగొచ్చింది. అరిచే మనిషి కాదు, ఇక మాటలు చాలించింది. నాలుగో శుక్రవారం అందరూ బుట్టలు ఎత్తుకుని వచ్చేసరికి, జీపు ముందు చక్రానికి ఒక్క నట్టు లేదు. అయిదు నట్లూ విప్పి కొంగున కట్టుకుని, తవుడమ్మ కాలిదారిన కొండ దిగిపోయింది.

ఇక ఊరు ఊరంతా తిట్టింది. పసుపు ఆగిపోయిందని ఒకరు, కోళ్లు సొమ్మసిల్లాయని ఒకరు, ఆడదానికి బండి పనేంటని ఒకరు. సూరప్పడు తల ఎత్తలేక అరుగు మీద కూలబడ్డాడు. పోలినాయుడు పంచె దులుపుకుంటూ వీధిలో అటూ ఇటూ తిరిగాడు.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి తవుడమ్మ తిరిగొచ్చింది. కొంగుకి ఒక కొసన చక్రం నట్లు, రెండో కొసన కొత్త కీళ్లు, నట్టు ఊడకుండా దూర్చే కొత్త పిన్నులు.

"సామాన్ల కొట్టు బాబు రెండు మాటలు సెప్పినాడు," అంది. "కడ్డీ నుంచి పాతది ఎన్ని సుట్లు తిప్పి తీస్తే, కొత్తది అన్ని సుట్లే తిప్పి పెట్టాల. ఒక సుట్టు తప్పితే సక్రాలు సెరో పక్కా సూస్తాయి. పాత పిన్ను మళ్లీ పెట్టకూడదు. రా మావా, సుత్తి తే."

ఇంటి ముందే బండి ఎత్తి దుంగలు పెట్టారు. చక్రం తీశారు. సూరప్పడు పిన్ను లాగి నట్టు విప్పాడు. కీలు మాత్రం కదల్లేదు. చుట్టూ చేరిన ప్రతివాడూ మేస్త్రీ అయిపోయాడు. కింద నుంచి కొట్టమన్నాడొకడు, నూనె పొయ్యమన్నాడొకడు, మా బావమరిదైతే నిమిషంలో తీసేవాడన్నాడొకడు. ఆ బావమరిదికి ఎడ్లబండి తప్ప మరో బండి తెలీదు.

"పక్క మీద కొట్టు మావా," అంది తవుడమ్మ. కీలు కూర్చున్న ఇనుప కన్నానికి పక్కవాటున మూడు దెబ్బలు పడ్డాయి. మూడో దెబ్బకి కీలు వదిలింది.

తవుడమ్మ దాన్ని పట్టుకుని ఊరికే అలా లాగింది. గుండు గిన్నెలోంచి ఊడి అరచేతిలోకి వచ్చేసింది. రేగుపండు ఊడినంత సులువుగా వచ్చింది.

ఆమె చెయ్యి అందరికీ కనిపించేలా చాపింది. ఆ గుండు మీదే వారం వారం పద్నాలుగు మంది లోయ పక్కన దిగారు. ఎవరూ మాట్లాడలేదు. ఎంతసేపనుకున్నారు? మూడు ఊపిర్లు. అంతే.

"సరే గానీ, ఆలీసమైపోతంది," అన్నాడు పోలినాయుడు.

సూరప్పడు కడ్డీ నుంచి పాత కీలు గిన్నె తిప్పడం మొదలెట్టాడు. తవుడమ్మ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది దగ్గర పోలినాయుడు, "ఇంకా ఎంతసేపు?" అన్నాడు. లెక్క తప్పింది. మళ్లీ బిగించి మొదటికొచ్చారు. పన్నెండు దగ్గర, "సాయంత్రానికైనా అందుతామా?" అన్నాడు. మళ్లీ లెక్క తప్పింది. మళ్లీ మొదటికే.

మూడోసారి తవుడమ్మ నోటితో లెక్కపెట్టలేదు. పోలినాయుడి బుట్టలోంచే గుప్పెడు చింతపిక్కలు తీసుకుంది. చుట్టుకో పిక్క ఒళ్లో వేసుకుంది. పోలినాయుడు వాగుతూనే ఉన్నాడు, పిక్కలు పడుతూనే ఉన్నాయి. కీలు ఊడేసరికి ఒళ్లో పద్దెనిమిది పిక్కలు.

కొత్త కీలు ఎక్కించేటప్పుడు ఆ పద్దెనిమిదీ ఒక్కొక్కటే ఒళ్లోంచి తీసి కింద పెట్టింది. రెండో వైపుదీ అలాగే పిక్కలతో లెక్కపెట్టి మార్చారు. కొత్త పిన్నులు దూర్చి కొసలు వంచారు. అప్పటికి సంత ముగిసిపోయింది. సంత పోయిందని ఊరు నెల్లాళ్లు సణిగింది. బతికున్నామని ఒక్కరూ అనలేదు. జరగని దానికి దండం పెట్టేవారెవరు?

అది మొదలు ప్రతి శుక్రవారం, జనం ఎక్కి కూర్చున్నాక, తవుడమ్మ బండి కిందికి దూరేది. కీలు మీద చెయ్యి పెట్టేది.

"ఇటు తిప్పు. అటు తిప్పు."

తర్వాత లేచి బానెట్టు మీద మూడుసార్లు తట్టేది.

"పో."

ఏళ్లు గడిచాయి. ప్రతి వారం ఆమె చెయ్యి పెట్టింది. ప్రతి వారం పోలినాయుడు ఆలస్యమైపోతోందన్నాడు. జీపు ఒక్కసారీ దారి తప్పలేదు.

ఒక వానాకాలం తవుడమ్మకి జ్వరం వచ్చింది. మూడు రోజులుంది, ఆమెని తీసుకుపోయింది. దినాలయ్యాయి. శుక్రవారం వచ్చింది. జనం ఎక్కారు, బుట్టలెక్కాయి, కోళ్లెక్కాయి. సూరప్పడు ఇంజను వేశాడు. బండి మాత్రం కదల్లేదు.

"పోనీ," అన్నారు వెనక నుంచి. సూరప్పడు పోనివ్వలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఎదురుగా బానెట్టు వంకే చూస్తున్నాడు.

"ఆలీసమై..." అని మొదలెట్టాడు పోలినాయుడు.

"తట్టలేదు బాబూ," అన్నాడు సూరప్పడు. "అది తట్టనిదే నాకు బండి ఎలా పోనివ్వాలో తెల్డం నేదు."

అతను ఏడుస్తున్నాడు. జీపులో ఒక్క చప్పుడు లేదు. ఈసారి మూడు ఊపిర్లతో పోలేదు.

పోలినాయుడు దిగాడు. రాత్రి పడ్డ వానకి కింద అంతా బురద. తెల్ల పంచెతో ఆ బురదలోనే వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు. చెయ్యి తడుముకుంటూ పోయి కీలు మీద పడింది.

"ఇటు తిప్పు సూరప్పడూ. అటు తిప్పు."

అతను పైకి లేచేసరికి పంచె తెలుపో కాదో ఎవరూ చెప్పలేకపోయారు. బురద చేత్తోనే బానెట్టు మీద మూడుసార్లు తట్టాడు. "పో," అన్నాడు.

ఆ జీపు లేదు, ఆ మనుషులూ లేరు. ఆ కొండ మీద ఇప్పుడు బళ్లు బోలెడు. ప్రతి బండిలోనూ అద్దం దగ్గర ఒక గుడ్డమూట వేలాడుతుంది, దాన్లో పద్దెనిమిది చింతపిక్కలు. బండి ఎక్కి కూర్చున్నాక ఆలస్యమవుతోందని ముందుగా ఎవరి నోటి వెంట వస్తుందో వాళ్లు దిగాలి. ఎంత పెద్దవాళ్లయినా సరే, ఎంత మంచి బట్టలు కట్టుకున్నా సరే. కింద పడుకుని చెయ్యి పెట్టాలి, మూడుసార్లు తట్టాలి. అందరూ కలిసి, "తవుడమ్మా, పోదామా," అంటారు. అప్పుడే బండి కదులుతుంది.

కథ కొండ దిగింది. ఇప్పుడడగండి టైమెంతయిందో. అడిగినవాళ్లు మాత్రం ముందు లేచి, బయట నా బండి కిందికి దూరండి.