ఇంకొక్కరున్నారయ్యా

ఏరు ఇప్పుడున్న చోట లేని కాలం మాట ఇది. ఊఁ కొట్టండర్రా, మీరు ఊఁ కొట్టకపోతే నాకు నోరు పెగలదు.

ఏటి నడుమ పుచ్చలంక. ఆ లంకకో వకీలు, పేరు నూకయ్య. కాళ్లకు చెప్పుల్లేవు గానీ తలకు పాగా ఉంది. ఎవరి తగువు పట్టినా ముందు వాళ్ల పుచ్చపాదుల్లో తిరిగొచ్చేవాడు. ఏ పాదు ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పేవాడు.

ఒక ఏడు ఏరు దారి మార్చుకుంది. పొద్దున లేచి చూస్తే లంక వెళ్లి రాజుగారి పూలతోట పక్కన ఆగింది. "తోట పక్కకొచ్చింది కాబట్టి తోటదే. వాళ్లని లేపేద్దాం" అన్నారు కోటలో. లంకవాళ్ల గుండెల్లో రాయి పడింది.

"నా బిడ్డ ఏ నేలమీద పడతాడు బాబాయ్?" అని నూకయ్యని అడిగింది నిండు చూలాలు సింహాలు.

అప్పుడే రాజుగారి పెద్దసభలో లంక దిక్కు పెద్దమనిషి కాలం చేశాడు. కొడుక్కి మైల తీరడానికి ఇంకా మూడు రోజులుంది. అందాకా ఆయన పీట ఖాళీగా ఉండకూడదు. "ఆ చెప్పుల్లేని వకీల్ని కూర్చోబెట్టండి, నోరు మూసుకుని పడుంటాడు" అన్నాడు దివాను. ఏం తెలివో!

మొదటిరోజు నూకయ్య కూర్చున్నాడు. ఎవరూ పలకరించలేదు.

రెండోరోజూ కూర్చున్నాడు. ఎవరిదో తాకీదు, అదే రాజుగారి హుకుం, చదివారు. ఒక ముసలి సభికుడు మాట్లాడదామని లేచి, దగ్గుతూ నిలబడిపోయాడు. సభలో ఒకరు నిలబడి ఉండగా ముద్ర వెయ్యకూడదట. ఆయన దగ్గు తగ్గేసరికి పొద్దు గుంకింది. "చదివినరోజే ముద్ర పడని తాకీదు ఏటిపాలు, మళ్లీ తేవడానికి లేదు" అని దాన్ని ఏట్లో పారేశారు. నూకయ్య అంతా చూశాడు.

మూడోరోజు పొద్దున్నే లంకవాళ్లని లేపేసే తాకీదు చదివారు. నూకయ్య లేచి నిలబడ్డాడు.

"దుర్గాలమ్మ. ఏటివార మొదటి పాక. ఆవిడ పుచ్చపాదు..." ఒక్కొక్కరి పేరు, ఒక్కొక్కరి పాదు చెప్పుకుంటూ పోయాడు.

"అయిందా? ఇంక కూర్చో" అన్నాడు దివాను.

"ఇంకొక్కరున్నారయ్యా."

మధ్యాహ్నమైంది. అందరి కళ్లూ మూతలు పడుతున్నాయి. సభంతా పుచ్చపండు వాసన, స్తంభాల మధ్య నీళ్ల చప్పుడు. తడుస్తుందేమోనని ఒకాయన పంచె ఎగగట్టుకున్నాడట కూడానూ!

"అయిందా?"

"ఇంకొక్కరున్నారయ్యా."

పొద్దు వాలింది. గొంతు బొంగురుపోయింది. అయ్యో, పేర్లు అయిపోయాయి!

"అయిందా?" దివాను ముద్ర ఎత్తాడు.

అప్పుడు సింహాలు గుర్తొచ్చింది.

"ఇంకొక్కరున్నారయ్యా. సింహాలు కడుపులో బిడ్డ. పేరు గవరమ్మ. తూర్పువార పాదు ఆ పిల్లదే. తర్వాత దాని కొడుకు. ఆ కొడుక్కి పుట్టే కూతురు..."

పుట్టనివాళ్లకు పేర్లు పెట్టుకుంటూ, పాదులు పంచుకుంటూ పోయాడు. పొద్దు గుంకింది. తాకీదు ఏట్లో పడింది.

మర్నాడు పీటకు అసలు మనిషి వచ్చాడు. నూకయ్య పడవెక్కి ఇంటికొచ్చాడు. పోయిన గొంతు మళ్లీ రాలేదు. గొంతు లేని వకీలు ఏం చేస్తాడు పాపం? పాదులకు నీళ్లు పోసుకుంటూ బతికి, అలాగే వెళ్లిపోయాడు.

ఇప్పటికీ ఆ లంకలో బారసాలనాడు అందరూ లేచి నిలబడతారు. "అయిందా?" అని ఒకరు అడుగుతారు. "ఇంకొక్కరున్నారయ్యా" అని తక్కినవాళ్లంటారు. అప్పుడే బిడ్డకు పేరు పెడతారు. ఆ సాయంత్రం నూకయ్య పెట్టిన పేర్లే ఇంకా అయిపోలేదట.

నా పేరు కూడా అందులోదేనర్రా.